అరుపు పరీక్ష

నంబరక్క కళ్లజోడును ముక్కు కొసకు జార్చుకుని, చూపుడువేలును స్క్రీను మీద ఆనించి, ఒక్కొక్క నంబరునూ పెదవులతో పలుకుతూ కిందికి దిగుతోంది. స్క్రీను మీద వేలిముద్రలు పడుతున్నాయని పక్క సీటులోని కొత్తమ్మాయి, ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో రెండుసార్లు గుడ్డ తెచ్చి తుడిచింది. మూడోసారి గుడ్డను సొరుగులో పడేసి ఊరుకుంది.

"ఇవన్నీ కంప్యూటరే సరిచూస్తుంది కదక్కా?"

"చూస్తుంది. మరి కంప్యూటర్ని ఎవరు చూస్తారు?"

కొత్తమ్మాయి దగ్గర కంప్యూటరు ఉంది. నంబరక్క దగ్గర వేలు ఉంది.

ఆ భవనం నిండా యంత్రాలే. మనిషెత్తు అలమరాల్లో గుయ్యిమంటూ రేయింబవళ్లు మేలుకుని ఉంటాయి. బ్యాంకువాళ్లవి, బస్సుల కంపెనీవాళ్లవి, బడులవి, ఆసుపత్రులవి. అందరికీ తీగలు మాత్రం అవే. ఒకే బాట మీద అందరూ నడవాలి, కానీ బ్యాంకు మాట బస్సువాడి చెవిన పడకూడదు. అందుకని ఎవరి మాటను వారి కవరులో పెట్టి, కవరు మీద ఒక నంబరు వేస్తారు. ఆ నంబరున్న గుమ్మం దగ్గరే కవరు విప్పుతారు. నంబరు ఒకటే అయితే ఊరికి ఆ కొసన ఉన్న యంత్రమూ ఈ కొసన ఉన్న యంత్రమూ ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్నామనుకుంటాయి. నంబరు వేరైతే ఒకే అలమరాలో ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నా ఎవరి ఉనికి ఎవరికీ తెలియదు. అలాంటి కనపడని ఇళ్లకు నంబర్లు ఇవ్వడం, ఖాళీ చేసిన ఇళ్లకు తాళం వేయడం నంబరక్క పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఈ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు రంగు వేసుకోవడం కూడా మానేసింది.

ఆ ఇళ్లకు పేర్లు కూడా ఉంటాయి. కానీ పేరంటే ఆమెకు నమ్మకం లేదు. ఒకే ఆసుపత్రిని అమ్మకాలవాళ్లు ఒక పేరుతో, బిల్లులవాళ్లు ఇంకో పేరుతో, తీగలు లాగేవాళ్లు నోటికొచ్చిన పేరుతో రాస్తారు. ఈ రంగానికంతటికీ కట్టుబాట్లు రాసిన పెద్దలు కూడా ఆ మాటే అన్నారు. పేరు మనుషుల సౌకర్యం కోసం, ఏదైనా పెట్టుకోండి. నంబరు మాత్రం ఒక పరిధిలో ఒక్కరికే ఉండాలి. నంబరక్క ఈ వాక్యాన్ని వేదంలా పట్టుకుంది. "పేరుదేముందమ్మా, పిలిస్తే పలకడానికి. పట్టిచ్చేది నంబరే" అంటుంది. ఆమె అసలు పేరు మాత్రం ఆ ఆఫీసులో ఎవరికి తెలుసు? జీతం కాగితం మీద ఉంటుంది. దాన్ని ఆమె తప్ప ఎవరూ చదవరు.

అనుమానం ఆమెకు ఉగ్గుపాలతో అబ్బింది. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళాన్ని గుంజి చూస్తుంది. కూరగాయలవాడి తక్కెడ కింద చెయ్యి పెట్టి తడుముతుంది. ఆఫీసు నీళ్లంటే అనుమానం, ఆఫీసు టీ అంటే మరీ అనుమానం, అందుకే ఇంటినుంచి ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకుంటుంది. ఈ ఉద్యోగం వచ్చిన రోజున ఆమె భర్త పగలబడి నవ్వి, "నీ అనుమానానికి జీతమిచ్చే చోటు కూడా ఉందన్నమాట లోకంలో" అన్నాడు. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసేవాడు. ఇప్పుడు ఆమె ముక్కు మీద ఉన్నది ఆయన బిగించిన ఫ్రేమే. అద్దాలు మూడుసార్లు మార్చింది గానీ ఫ్రేము మార్చలేదు.

ఈ పూట ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది.

నాలుగు వందల పన్నెండు. అది రొట్టెల కంపెనీది. ఆ కంపెనీ మూతపడి చాలాకాలమైంది. నంబరును ఆమే చేతులారా మూసి, ఆరేసింది. ఆరేయడమనేది ఆమె మాట. ఖాళీ అయిన నంబరును వెంటనే ఇంకొకరికి ఇవ్వదు. తీగలు కలిసే స్విచ్చి పెట్టెల్లో ఏ మూలనో పాత నంబరు ఇంకా అంటుకుని ఉండవచ్చు. అది చూసుకోకుండా ఇస్తే, దులపని పక్కమీద కొత్తవాళ్లను పడుకోబెట్టినట్టే. అందుకని ఉతికిన బట్టలాగా దాన్ని నెలల తరబడి దండెం మీద వదిలేస్తుంది. ఆఫీసంతా ఇప్పుడు ఆ మాటే అంటారు, "ఆ నంబరు ఇంకా ఆరలేదండీ" అని.

ఆరేసిన నంబరు స్క్రీను మీద పచ్చగా వెలుగుతోంది. ఎవరో దాన్ని తీసి కట్టుకుని తిరుగుతున్నారు.

ఆమె వివరాలు తెరిచింది. ఈ నెట్‌వర్కుకు రెండే కొసలున్నాయి. ఒకటి ఈ భవనంలోనే, వెనక నడవాలోని స్విచ్చిలో. ఆ స్విచ్చినుంచి తలుపుల తాళాలకూ, కాపలా కెమెరాలకూ, పంపుల మీటర్లకూ అడవిలా తీగలు పోతాయి, ఏది ఎటు పోతుందో బ్రహ్మకే తెలియాలి. రెండో కొస ఊరవతల పాత టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉంది. ఆ పాత ఎక్స్ఛేంజిని కొత్తమ్మాయి నిన్ననే ఈ స్క్రీనులోకి చేర్చింది. అన్నేళ్లూ అది ఎవరి కంటికీ ఆనని మూల. రెండు కొసల మధ్యా తెల్లవారకముందునుంచి కట్టేయని కుళాయిలా ధార పోతూనే ఉంది. లోపలేముందో చూద్దామంటే అంతా సీలు వేసి ఉంది.

ఎవరో మోసుకుపోతున్నారు అనుకుంది నంబరక్క. నంబర్ల తాళంచెవి ఉన్నది ఇద్దరి దగ్గరే, తన దగ్గరా ఈ పిల్ల దగ్గరా. పై ఆఫీసునుంచి తనిఖీవాళ్లు సాయంత్రం వస్తారు. 'నేనివ్వని నంబరు ఈ తీగల మీద నడవదు' అని ఆమె వాళ్ల ముఖాన ఎన్నిసార్లు అన్నదో. ఆ ఒక్క మాట తప్ప ఈ కొలువులో ఆమెకు మిగిలిందేమీ లేదు.

ఆమె ఓరగా కొత్తమ్మాయిని చూసింది. పిల్ల చెవి మీద పెన్సిలు దోపుకుని ఏదో టైపు చేస్తోంది. ముఖం చూస్తే నోట్లో వేలు పెట్టినా కొరకలేదనిపిస్తుంది. అలాంటివాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

"పోయినవారం నువ్వేదో అడిగావు కదమ్మా, నంబర్లు అన్ని నెలలు ఆరేయడం ఎందుకని?"

"అడిగానక్కా. కట్టుబాట్లలో ఆ రూలు లేదు కదా అని."

"ఆరనిది ఏదైనా తీసి వాడావా, సరదాకి?"

కొత్తమ్మాయి టైపు చేయడం ఆపింది. "నేనా? మీకు చెప్పకుండానా? నాకు ఇంకా బతకాలని ఉందక్కా."

ఆ జవాబు చాలా త్వరగా వచ్చిందనిపించింది నంబరక్కకు. ముందే వండిపెట్టుకున్న జవాబులే అంత వేడిగా వస్తాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడేమోనని కాసేపు చూసింది. పిల్ల భుజాలు తడుముకోలేదు, మెడ మాత్రం గోక్కుంది. దాన్ని ఏ ఖాతాలో వేయాలో తోచలేదు.

ఆమె బుర్ర ఆ పిల్లను వదిలి పెద్దసారు మీదికి, అక్కడినుంచి ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన పాత ఇంజనీరు కుర్రాడి మీదికి వెళ్లింది. చివరికి చలిబాబాయి మీద కూడా కాసేపు వాలింది. చలిబాబాయి అంటే యంత్రాలను చల్లబరిచే చిల్లర్ల మెకానిక్. అడుగు అంతస్తులో గొట్టాల పక్కన అద్దం తలుపున్న చిన్న గది అతనిది. ఆమెకంటే రెండు మూడేళ్లు చిన్నవాడే అయినా ఆఫీసంతటికీ బాబాయే. ఈ పొద్దున ఆమె ఆ గది ముందునుంచి వస్తుంటే లోపల టింగుటింగుమని గ్లాసులో చెంచా మోగింది. ఆగి తొంగిచూసింది. అతను గబుక్కున లేచి, గోడకున్న చిన్న స్క్రీను మీద తువ్వాలు కప్పేశాడు. యంత్రాల దగ్గర తిండీ తాగుడూ నిషేధం. "ఏమయ్యా, డ్యూటీలో ఏం కలుపుకు తాగుతున్నావు?" అంది. "ఏం లేదక్కా" అన్నాడు. సినిమాలు చూస్తూ ఏదో తాగుతున్నాడని ఆమె తేల్చుకుంది. కానీ వాడు గొట్టాల మనిషి. నంబరంటే వాడికేం తెలుసు అని పక్కన పెట్టేసింది.

ఇక మిగిలింది అరుపు పరీక్ష.

అది కూడా ఆమె పెట్టిన పేరే. ఎవరిదో తెలియని నెట్‌వర్కు కనపడితే పేర్లు వెతుక్కుంటూ, ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోదు. ఆపేస్తుంది. ఆపేసి ఫోను దగ్గరికి జరుపుకుని కూర్చుంటుంది. అది ఎవరిదైతే వాళ్లు అరుచుకుంటూ ఫోను చేస్తారు. ఒకసారి బస్సుల కంపెనీ మేనేజరు అరుస్తుంటే, ఆమె రిసీవరు బల్లమీద పెట్టి, నీళ్లు తాగి, ముఖం కడుక్కుని వచ్చింది. వచ్చేసరికి ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "ఇదుగో, దొరికింది సొంతదారు" అని ఆ నంబరు పక్కన వాళ్ల పేరు రాసుకుంది. ఈ పరీక్ష ఎన్నడూ తప్పలేదు. నొప్పి తగిలినవాడు అరవకుండా ఎలా ఉంటాడు?

"అక్కా, ఒకవేళ ఏ ఆసుపత్రిదైనా అయితే?" అంది కొత్తమ్మాయి, విషయం తెలిశాక.

"ఆసుపత్రులన్నీ నా చేతిమీద నంబరిచ్చినవే. ఒక్కటీ తప్పిపోలేదు."

"కాసేపు ఏం వస్తుందో ఏం పోతుందో చూసి ఆపుదామా?"

చూసేలోగా జాడలు తుడుచుకోవడానికి టైము కావాలన్నమాట నీకు, అనుకుంది నంబరక్క. మధ్యాహ్నం భోజనాల గంటకు కాస్త ముందు నాలుగు వందల పన్నెండు మీద వేలు ఉంచి, నంబరును పైకి చదివి, ఆపేసింది. పచ్చచుక్క బూడిదరంగుకు తిరిగింది.

డబ్బా విప్పుకుని ఫోను ముందే తింది. ఫోను మోగలేదు. నమిలే చప్పుడు వల్ల వినపడలేదేమోనని నమలడం ఆపి విన్నది. తీగ ఊడిందేమోనని రిసీవరు ఎత్తి చూసింది. ఊడలేదు, బాగానే పలుకుతోంది. అంత ధారగా వాడుకుంటున్నవాళ్లు కుయ్యిమనకుండా ఎలా ఊరుకున్నారు? ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ముద్ద మింగుడుపడలేదు. దొంగకు తేలు కుట్టినట్టుంది వ్యవహారం. అరిస్తే దొరికిపోతాడు, అందుకే పంటి బిగువున ఓర్చుకుంటున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి?

సరిగ్గా ఇలాంటి రుజువులే వెనుకటికి ఇంట్లో కూడా దొరికాయి ఆమెకు. భర్త సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. దుకాణం కట్టేసే వేళ ఆమెకు తెలుసు. చొక్కా వాసన చూసింది, జేబులు తడిమింది. ఎక్కడికెళ్లావంటే ఊరికే అన్నాడు. ఇంకో ఇల్లు పెట్టాడని తేల్చుకుని, ఒక చలికాలమంతా అతనితో మాట మానేసింది. అతను ఇంకో ఇంటికి వెళ్లలేదు, ఆసుపత్రికి వెళ్లాడు. చివరి రోజుల్లో మంచం పట్టాక అడిగింది, నాతో ఒక్కమాట చెప్పి ఉండకూడదా అని. "చెబితే నమ్మవు, నమ్మితే నిద్రపోవు. ఏం చెయ్యను?" అన్నాడాయన నవ్వుతూనే. ఆ తర్వాత ఆమె ఒక ఏడాదిపాటు ఎవర్నీ ఏమీ అడగలేదు. మళ్లీ మెల్లగా తాళం గుంజి చూడటం, తక్కెడ తడమటం మొదలయ్యాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. పోయిన పుడకలు ఆయనవి, బుద్ధి ఆమెది.

చెయ్యి కడుక్కుని, ఎవరి ముఖం ఎలా ఉందో చూద్దామని ఆమె నడవాలోకి వచ్చింది. పెద్దసారు తనిఖీవాళ్ల కోసం కుర్చీలు సర్దిస్తున్నాడు. కొత్తమ్మాయి కిటికీ దగ్గర నిలబడి పండు తింటోంది. మెట్ల మలుపులో చలిబాబాయి ఎదురయ్యాడు. అతను మధ్యాహ్నప్పూట పైకి రావడం అరుదు.

"అక్కా, భోంచేశారా?"

"అయింది. నీదో?"

"ఆఁ... తింటాను." వెళ్లలేదు. తువ్వాలును ఒక చేతిలోనుంచి ఇంకో చేతిలోకి మార్చాడు. "అక్కా, మీరు కాసేపు కింద మీటరు దగ్గర కూర్చుంటారా? గేటు దాకా వెళ్లి ఒక ఫోను చేసుకుని వచ్చేస్తాను."

లోపలికి వచ్చే ఉద్యోగులందరూ సెల్‌ఫోన్లు గేటు దగ్గర ఇచ్చి రావాలి. అది అక్కడి నియమం.

"ఫోనా? ఎవరికి?"

"ఇంటిపక్కవాళ్లకి."

"ఏం, ఏమైంది?"

"ఏం కాలేదు. ఊరికే."

ఊరికే. లోకంలోని మాటలన్నిటిలోకి నంబరక్కకు పడని మాట అది. సరిగ్గా లైను ఆగిన పూటే ఈయనకు గేటు బయట పని పడిందేమిటి? బయట ఎవరికి కబురు చెప్పాలి?

"ఊరికే చేసే ఫోను సాయంత్రం చేసుకోరాదా? నేను కింద కూర్చుంటే ఇక్కడ నా సీటు ఎవరు చూస్తారు? ఇవాళ అసలే నా తల నా దగ్గర లేదు."

"సరే లెండక్కా."

అతను దిగి వెళ్లాడు. సగం మెట్ల మీద ఒకసారి ఆగి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. పొద్దస్తమానం చన్నీళ్ల గొట్టాల మధ్య ఉండేవాడికి ఈ చెమటలేమిటి అనుకుంది నంబరక్క. అనుకుని తన సీటుకు వచ్చి కూర్చుంది. ఫోను మోగలేదు.

కొత్తమ్మాయి ఆపేసిన నంబరు తాలూకు పొద్దుటి గీతలను తెరిచి, పెన్సిలు కొరుకుతూ చాలాసేపు చూసింది.

"అక్కా, దొంగతనమైతే మన దగ్గరున్నది బయటికి పోవాలి కదా?"

"పోతోంది కదా, ధారలా."

"పోవట్లేదు. వస్తోంది. ధారంతా పాత ఎక్స్ఛేంజి వైపునుంచి ఇటు వస్తోంది. ఇటునుంచి పోయేది చాలా కొంచెం, అదీ ఆగి ఆగి. చూడండి, ఇక్కడ కొంచెం, మళ్లీ ఇక్కడ కొంచెం." పిల్ల గొంతు తగ్గించింది. "అటొక కెమెరా, ఇటొక మైకు ఉంటే ఇలాగే ఉంటుందక్కా. ఎవరో ఎవర్నో చూస్తూ అప్పుడప్పుడు మాట్లాడుతున్నట్టు."

నంబరక్క కళ్లజోడు పైకి నెట్టుకుని చూసింది. నిజమే. పొద్దున ధార ఎంత ఉందో చూసింది గానీ, ఎటు పోతోందో చూడలేదు. పోతోందని ముందే తెలుసనుకుంది. ఇన్నేళ్లలో ఎవర్నీ చేయనివ్వని తప్పు అది.

ఇద్దరూ వెనక నడవాకు వెళ్లారు. స్విచ్చినుంచి బయల్దేరే తీగలన్నిటికీ చీటీలున్నాయి, ఒక్కదానికి లేదు. ఆ తీగ గోడవారగా, బుద్ధిమంతుడిలా, నీళ్ల గొట్టాన్ని ఆనుకుని పోతోంది. దానికి అడుగడుగునా తెల్లటి టేపు చుట్టి ఉంది. చన్నీళ్ల గొట్టాలకు చెమ్మ పట్టకుండా చుట్టే టేపు. ఆ ఆఫీసులో అలా మడత పడకుండా టేపు చుట్టేవాడు ఒక్కడే ఉన్నాడు. నంబరక్క ఇక తీగను చూడలేదు, గబగబా మెట్లు దిగింది.

చలిబాబాయి ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా చిన్న స్క్రీను నల్లగా ఉంది, మధ్యలో ఒక తెల్లని సున్నా తిరుగుతోంది. వీళ్లు లోపలికి వచ్చినా ఈసారి అతను తువ్వాలు కప్పలేదు.

"ఇది నీదా?" అంది నంబరక్క.

"మా ఆవిడదక్కా."

అతను లేచి నిలబడి, బల్లకేసి చూస్తూ చెప్పాడు. భార్యకు పక్షవాతం. మాట పడిపోయింది, ఒక్క కుడిచెయ్యి మాత్రం కదులుతుంది. పగలంతా ఒక్కతే. ఉండుండి ఆమెకు భయం కమ్ముకుంటుంది, ఊపిరందదు. అప్పుడు మంచం పక్కనున్న గ్లాసులో చెంచా ఆడిస్తుంది. అది వినపడగానే అతను మాట్లాడాలి.

"ఏదో ఒకటి మాట్లాడాలక్కా. మీటరు ముల్లు ఎక్కడుందో, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో, ఎవరెవరొచ్చారో. గొంతు వింటే సర్దుకుంటుంది. వెళ్లిపోయిన ఇంజనీరు కుర్రాడు పెట్టిచ్చాడు. రొట్టెల కంపెనీ లైను అక్కడ అలాగే పడుంది బాబాయ్, మీ ఇల్లు పాత ఎక్స్ఛేంజి పక్కనే కదా, ఎవరికీ నష్టం లేదు అన్నాడు."

"నాతో చెప్పొచ్చు కదయ్యా!"

"అక్కకి చెబితే ఆపేస్తుంది, చెప్పకు అన్నాడు." అతను ఇబ్బందిగా నవ్వబోయాడు. "అప్పుడప్పుడు ఆగుతుంది, దానంతటదే వస్తుంది. ఇవాళ కూడా వస్తుందిలే అనుకున్నాను. ఇంత సేపెప్పుడూ ఆగలేదు. పక్కింటావిడకి ఫోను చేసి చూసి రమ్మందామని..."

"నేను తెరుస్తాను" అని కొత్తమ్మాయి అప్పటికే మెట్లమీద పరుగు తీసింది. నంబరక్క అక్కడే నిలబడింది. పొద్దున వినపడిన టింగుటింగు ఇప్పుడు ఆమెకు తల లోపల వినపడుతోంది. అరిచేవాళ్లు ఫోను చేసే అరుస్తారని ఎవరు చెప్పారు తనకు?

"నేనే ఆపానయ్యా," అంది.

అతను తల ఊపాడు. విన్నానన్నట్టో, ఫరవాలేదన్నట్టో తెలియలేదు. జన్మలో మొదటిసారి ఒక మనిషి ముఖంలో ఏముందో వెతకడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

స్క్రీను మీది సున్నా ఆగింది. రంగులు చుక్కలు చుక్కలుగా పేరుకుని ఒక గది అయ్యాయి. కిటికీ, కిటికీ తెర, తెరలోంచి మంచం మీద పడిన ఎండ. మంచం మీద సన్నటి ఆవిడ, మెడదాకా దుప్పటి. జుట్టు నున్నగా దువ్వి జడ వేసి ఉంది. పాపిడి మాత్రం వంకర, మగవాడి చేత్తో తీసిన పాపిడి. మంచం పక్కన పీట మీద గ్లాసు.

చలిబాబాయి మైకు దగ్గరికి వంగాడు. "ఇదుగో, వచ్చేశాను. లైను పోయింది, అంతే. విన్నావా? ఇవాళ నీళ్లు బాగా చల్లగా ఉన్నాయి. నంబరక్క కూడా వచ్చింది, చెబుతుంటానే, ఆ అక్క. విన్నావా?"

గదిలో కిటికీ తెర మాత్రం కదిలింది. కుడిచెయ్యి మంచం అంచున వేలాడుతోంది. అతను ఇంకాసేపు మాట్లాడాడు, ముల్లు ఎక్కడుందో కూడా చెప్పాడు. తర్వాత ఊరుకుని, దుప్పటి లేచి పడవలసిన చోటునే చాలాసేపు చూశాడు.

"గ్లాసులో చెంచా లేదక్కా," అన్నాడు.

గోడకున్న మీటరు దగ్గరికి వెళ్లి, ఆ ముల్లు ఎర్రగీత దాటితే ఏ మర తిప్పాలో చూపించాడు. రెండోసారి కూడా చూపించాడు. "నేను ఇంటికెళ్లాలి" అన్నాడు, సెలవడుగుతున్నట్టు. తువ్వాలు పీట మీదే ఉంచి, చెప్పులేసుకుని, మెట్లెక్కి వెళ్లిపోయాడు. నంబరక్క ఆ పీట మీద కూర్చుంది. తువ్వాలు తడిగా ఉంది.

కొత్తమ్మాయి దిగి వచ్చి స్క్రీను చూసి నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుంది. కాసేపటికి, "మనం ఆపకపోయినా అక్కా, జరిగేది..." అని మొదలుపెట్టింది.

"వద్దు," అంది నంబరక్క. "ఆ మాట నాకివ్వకు."

ఏమో, ఆపకపోయినా జరిగేదేమో. కానీ అప్పుడు ఆ గదిలో ఒక గొంతు ఉండేది. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చెబుతూ ఉండేది. భోజనం వేళనుంచి ఇప్పటిదాకా తాను ఫోను ముందు చెవి రిక్కించుకుని కూర్చుంది, అరుపు వినడానికే. ఇది తలచుకుంటే ఆమెకు ఏడుపు వచ్చింది. కళ్లజోడు తీసి, ఆ తడి తువ్వాలుతోనే ముఖం తుడుచుకుంది. భర్త పోయినప్పుడు కూడా ఇలా ఎదుటివాళ్ల ముందు ఏడవలేదు.

తనిఖీవాళ్లు వచ్చారు, పెద్దసారు కబురు పెట్టాడు. నంబరక్క కొత్తమ్మాయిని మీటరు దగ్గర కూర్చోబెట్టి పైకి వెళ్లింది. వాళ్లకు ఆమే వేలు పెట్టి చూపించింది, ఇది నేనివ్వని నంబరు, అయినా నడుస్తోంది, నడవనివ్వండి, తప్పు నాది అని. ఎప్పుడూ ఆమెచేత తిట్లు తినే తనిఖీ పెద్దాయన తెల్లబోయి, "ఎవరిదమ్మా ఇది? పేరు గడిలో ఏం రాయమంటారు?" అన్నాడు. గడిలో ఇంకా రొట్టెల కంపెనీ పేరే ఉంది. ఆమె దాన్ని చెరిపేసింది. చెరిపేశాక ఏం రాయాలో తెలియలేదు. పెద్దసారును అడిగింది, ఆవిడ పేరేమిటని. ఆయనకు తెలియదు. పోనీ చలిబాబాయి పేరు? పెద్దసారు గేటుకు ఫోను చేశాడు. బాబాయే కదండీ అన్నాడు గేటతను. ఖాళీ గడిలో గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

"రేపు నేనే వెళ్లి అడిగి వచ్చి రాస్తాను," అంది నంబరక్క. "అందాకా దాన్ని ఎవరూ ముట్టుకోకండి."

పొద్దుగూకే వేళకు బదులు మనిషి వచ్చాడు. కొత్తమ్మాయిని ఇంటికి పంపించి, స్క్రీను కట్టేద్దామని నంబరక్క చిన్నగదిలోకి వెళ్లింది. వాళ్లింటి గదిలోకి తొంగిచూసే హక్కు తనకు లేదని తెలుసు. తువ్వాలు విప్పి స్క్రీను మీద కప్పబోయి, చెయ్యి ఆగింది. ఎవరెవరో వచ్చి వెళ్లినట్టున్నారు. మంచం మీద మనిషి లేదు, దుప్పటి లేదు. లైటు వేసి ఉంది. పీట మీద గ్లాసు ఉంది. మంచం కింద, గోడవైపు, ఎవరి కాలికీ తగలని చోట చెంచా పడి ఉంది.